దిబ్బ మీద చివరి పేరు

ఇట్లా రా తల్లీ, నా మోకాలికి ఆనుకుని కూర్చో. ఆ ఫ్యాను చప్పుడుకు నా గొంతు నీకు సరిగ్గా అందదు, ఇంకొంచెం జరుగు. నీళ్ళు తాగేదుంటే ఇప్పుడే తాగిరా. ఈ కథకు ఒక కట్టడి ఉంది. మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో ఆపకూడదు, వినేవాళ్ళు మధ్యలో లేవకూడదు. ఎందుకో నీకే తెలుస్తుంది.

మా అక్క పేరు హనుమక్క. నేను సుంకమ్మను, ఆమె వెనకాల పుట్టినదాన్ని. ఇద్దరినీ ఒకే ఇంటికి, అన్నదమ్ములకే ఇచ్చారు. ఆదోనికి అవతల, ఎర్రమిట్ట అని గొర్లు కాసుకునే ఊరు. నీడ తక్కువ, రాయి ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో నేను ఏడుస్తుంటే మా అక్క, "ఏడ్చి కన్నీళ్ళు దండగ చేయొద్దుమే, ఈడ నీళ్ళకు కరువు" అంది. అట్లాంటి మనిషి.

ఊరికి పడమర బూడిద దిబ్బ ఉండేది. కొండ కాదు, మట్టిగడ్డ కాదు, ఉత్త బూడిదే. రెండు తాటిచెట్లంత ఎత్తు. తవ్వితే లోపల గాజు ముద్దల్లాంటి గడ్డలు తగిలేవి. వేల ఏండ్ల కిందట అక్కడ పశువులను దొడ్డి కట్టినవాళ్ళు ఏటేటా పేడకుప్పలకు నిప్పు పెట్టేవాళ్ళనీ, అది కాలి కాలి పేరుకుని దిబ్బ అయిందనీ చదువుకున్నవాళ్ళు వచ్చి చెప్పిపోయారు. మాకు తెలిసింది వేరే. ఆ దిబ్బ ఇంకా పెరుగుతూనే ఉంది, పెంచేది మేమే.

తొలకరి పడ్డాక, దుక్కికి నాగలి కట్టకముందు, ఊళ్ళో ఆడవాళ్ళందరం ఆ పొద్దు పొయ్యిలోని బూడిదను చేటల్లో పట్టుకుని దిబ్బ ఎక్కేవాళ్ళం. ఇంటింటికీ గ్యాసు వచ్చినా ఆ ఒక్క పొద్దు కోసం వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి కట్టెలు మండించేవాళ్ళం. పైకెక్కాక ఒకామె పేర్లు పలికేది. అంతకుముందు అక్కడ నిలబడి పలికిన ఆడవాళ్ళ పేర్లు, మొదటినుంచీ, ఒకటి తప్పిపోకుండా. "పేరు మరిచినామె" అని మొదలవుతుంది, మొట్టమొదట బూడిద పోసిన మనిషి పేరు ఎవరికీ తెలియదు కాబట్టి. తర్వాత నల్లెల్లి, గుడ్డి మారెక్క, కవలల తల్లి తిమ్మి, ఎద్దు పొడిచిన లచ్చి... అట్లా సాగి సాగి, మా అత్త బసమ్మ దాకా వచ్చి, చివరకు పలికే మనిషి తన పేరు తానే చెప్పుకుంటుంది. అప్పుడు మేమందరం "ఉండాది" అంటాం. ఆమె ఉంది, దిబ్బ ఉంది, మేమున్నాం అని. ఆ మాట అన్నాకే చేటలు బోర్లించేది.

పలికేది ఎప్పుడూ ఒక్కరే. తన తర్వాత ఎవరు పలకాలో ఆమే ఎంచి, దిబ్బ మీద ఆ మనిషి నుదుట బూడిద పెడుతుంది. విని విని మిగతావాళ్ళకూ పేర్లు నోటికి వస్తాయి, కానీ పలికే హక్కు ఉండదు. మొదలుపెట్టాక మధ్యలో ఆపడం లేనే లేదు. ఆపితే, పేరు రానివాళ్ళంతా వాకిలి బయట నిలబడిపోతారని మా నమ్మకం. మా అత్త ఒక ఏడు కాలికి తేలు కుట్టినా, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి చివరిదాకా పలికింది. ఆమె పోయేముందు మా అక్క నుదుట బూడిద పెట్టింది.

హనుమక్కకు ఒక్కతే కూతురు, నాగవేణి. వకీలు చదివింది. మనుషుల తగాదాలు కాదు దాని పని. పాత కోటలోంచి రోడ్డు వేస్తామన్నా, చెరువు పూడ్చి అపార్టుమెంట్లు కడతామన్నా, ఆ ప్రాజెక్టుల కాగితాలు తెప్పించుకుని అడ్డం నిలబడటం దాని పని. "నీ కక్షిదారులంతా రాళ్ళూ చెరువులే కదే, నీకు కాఫీ ఎవరు పోయిస్తారు?" అని వాళ్ళమ్మ ఎగతాళి చేసేది. గెలిచినవి కొన్ని, ఓడినవే ఎక్కువ. ఓడినప్పుడల్లా ఊరికి వచ్చి, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. అంత పెద్ద వకీలు.

ఒక కంపెనీ మా పడమటి బీళ్ళల్లో ఎండ కరెంటు పార్కు పెడతామని వచ్చింది. నేలంతా నల్లటి అద్దాలు పరుస్తారు. దిబ్బ వాటికి నీడ చేస్తుంది, తీసేయాలన్నారు. "ఎండ కరెంటు మంచిదే. దిబ్బను వదిలి చుట్టూ వేసుకోండి" అంది నాగవేణి. వాళ్ళు వినలేదు. తగాదా ట్రిబ్యునల్‌కు పోయింది.

అప్పటికి కొత్త చట్టం వచ్చింది. పాతచోట్లను అది రెండుగా విడగొట్టింది. ఎవరైనా మనిషి ఇంకా మనసు లోపల మోస్తున్న చోటు బతికున్న చోటు, దాన్ని ముట్టుకోకూడదు. ఎవరూ మోయనిది చచ్చిన చోటు. దాన్ని తవ్వి, ఫొటోలు తీసి, దొరికినవి పెట్టెలో పెట్టి, చదును చేసుకోవచ్చు. బతికుందని నోటితో చెబితే చెల్లదు. అంతకుముందు కొన్ని ఊళ్ళల్లో పొద్దు గూకి తెల్లారేలోపల కొత్త దేవుళ్ళను పుట్టించి కేసులు వేశారట. అందుకని చట్టం యంత్రం సాక్ష్యం అడిగింది.

ఆ యంత్రం కర్నూలులో సుధీంద్ర అనే సైంటిస్టు చేశాడు. దాని పేరు జాడపలక. అరచేయంత అద్దం బిళ్ళ, దానికి తీగలతో తగిలించిన జల్లెడలాంటి టోపీ. టోపీ పెట్టుకుని ఏదైనా తలుచుకుంటే ఆ జ్ఞాపకం పలకలోకి దిగుతుంది. తర్వాత ఇంకెవరైనా ఆ టోపీ పెట్టుకుంటే, దాన్ని తాము బతికినట్టే చూస్తారు. అబద్ధం దిగదు.

నాగవేణి మా ఇద్దరినీ అతని ల్యాబుకు తీసుకుపోయింది. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. మా అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, తానే నేల మీద గొంతుకూర్చుని చెప్పాడు.

"అమ్మా, మీరు ఒక సంగతి తలుచుకోగానే ఆ జ్ఞాపకం తడిమట్టిలా మెత్తబడుతుంది. కాసేపటికి మళ్ళీ ఆరి గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడు నా పలక అచ్చు తీసుకుంటుంది, అంతే."

"అచ్చు తీసినాక మట్టి విరిగిపోదా నాయనా?" అంది మా అక్క.

అతను నవ్వాడు. "మొదట నా మీదే చేసుకున్నానమ్మా. నేనేమీ మరిచిపోలేదు."

"అయితే పెట్టు. జుట్టు మాత్రం పీకొద్దు, ఉండేదే నాలుగు వెంట్రుకలు."

దిబ్బ సంగతి దిబ్బ మీదే తీయాలి కాబట్టి, ల్యాబులో చిన్న పరీక్ష మాత్రం చేశాడు. చేతిపని ఏదైనా తలుచుకోమంటే, మా అమ్మ తనకు జొన్నరొట్టె తట్టడం నేర్పిన పొద్దును తలుచుకుంది. కళ్ళు మూసుకుని కాసేపు పెదాలు కదిపింది. పలక మీద చిన్న వెలుగు వచ్చి ఆరింది. తర్వాత నాగవేణి టోపీ పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రొట్టె చేయని పిల్ల, రెండు అరచేతులూ గాలిలో తిప్పుతూ తట్టడం మొదలుపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు, నోటినిండా నవ్వు. "చిన్నమ్మా, అవ్వ చేతులు నా చేతుల్లోకి వచ్చినాయి" అంది. మేం ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. ఆ పొద్దు సుధీంద్ర మాకు దేవుడిలాగే కనిపించాడు.

ఇంటికొచ్చాక ఒక మాపటేళ మా అక్క పిండి ముందు కూర్చుని ఉంది. పెనం పొగలు కక్కుతోంది.

"ఏందక్కా, పెనం మాడిపోతాంది."

"ఇదేంది మే, ఇట్లుంది? దీన్నేం చేస్తారు?"

నేను ఎగతాళి అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. పిండి ముద్దను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని చిన్నపిల్లలాగా నా మొహం చూసింది. నేను నాగవేణిని పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అది వెంటనే సుధీంద్రకు ఫోను చేసింది. "తొలిసారి కదా, కొందరికి మబ్బు పట్టినట్టు ఉంటుంది, సర్దుకుంటుంది" అన్నాడట.

"నువ్వు చేయి, నేను తింటా. తినేది మర్చిపోలేదులే" అంది మా అక్క, నా భయం పోగొట్టడానికి.

నేను పక్కన కూర్చుని నేర్పించాను. కొన్ని పొద్దులకు మళ్ళీ రొట్టె గుండ్రంగా వచ్చింది. "చూసినావా చిన్నమ్మా, తిరిగొచ్చింది" అంది నాగవేణి. తిరిగి రాలేదు తల్లీ, తిరిగి నేర్చుకుంది. ఆ తేడా మా ఎవరికీ పట్టలేదు. మా అమ్మ నేర్పిన రొట్టె పోయి, నేను నేర్పిన రొట్టె ఆమె చేతుల్లో కూర్చుంది. అంచులు నా రొట్టెల్లాగే కాస్త మందంగా వచ్చేవి.

ఇక దిబ్బ మీద జరిగింది విను.

తొలకరి కాదు, నడి ఎండాకాలం. కాలం గాని కాలంలో పేర్లు పలకడమేందని ఆడవాళ్ళు గొణిగారు. అయినా అందరం వాకిట్లో పొయ్యి పెట్టి, బూడిద పట్టుకుని ఎక్కాం. ట్రిబ్యునల్ పంపిన ఇద్దరు గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. కంపెనీ వకీలు పురుషోత్తం కూడా వచ్చాడు. తెల్లజుట్టు పెద్దమనిషి. ఆడవాళ్ళకు ఎండదెబ్బ తగులుతుందని తన కారులోంచి మజ్జిగ క్యాను దింపించి, తన చేత్తో గ్లాసుల్లో పోసిచ్చాడు. "చల్లగుండు నాయనా" అని మా అక్క అతన్ని దీవించింది.

సుధీంద్ర టోపీ పెట్టాడు. మా అక్క పడమటికి తిరిగి మొదలుపెట్టింది.

"పేరు మరిచినామె. నల్లెల్లి. గుడ్డి మారెక్క..."

ఎప్పుడూ వినే పేర్లే. ఆ పొద్దు మాత్రం ఒక్కో పేరు ఆమె నోట్లోంచి బరువుగా, నిండుగా వచ్చింది. కాకపోతే పలికిన ప్రతి పేరు తర్వాత ఆమె మొహంలో ఏదో చిన్న దీపం ఆరినట్టు అయ్యేది. నేను ఎండ అనుకున్నాను. సుధీంద్ర తన యంత్రం తెర మీద కదిలే గీతను చూస్తూ చూస్తూ ముందుకు వంగాడు.

"నాగవేణిగారూ, ఆపాలి. పేరు చెప్పాక కిందికి దిగిన గీత మళ్ళీ లేవాలి. లేవడం లేదు."

"అంటే?"

"అచ్చు వస్తోంది, మట్టి మిగలడం లేదు. ఆపేద్దాం."

సగం నిండిన పలక సాక్ష్యంగా చెల్లదని నాగవేణికి తెలుసు. ఆపితే దిబ్బ పోతుంది. వాళ్ళమ్మ వైపు ఒక అడుగు వేసింది. మా అక్కకు ఆ మాటలు వినబడ్డాయి. నోరు పేర్లు పలుకుతూనే ఉంది, చేయి మాత్రం పైకి లేచింది, ఆపొద్దని. తేలు కుట్టిన కాలు ఎత్తి నిలబడిన మా అత్త కోడలు ఆమె. సుధీంద్ర మీట మీద చేయి వేశాడు. నాగవేణి అతని చేయి మీద తన చేయి వేసి గట్టిగా పట్టుకుంది.

"ఆమె ఆపదు సార్. మధ్యలో ఆపితే, వాళ్ళందరినీ బయట నిలబెట్టినానని జీవితాంతం కుమిలిపోతుంది. అంతా అయిపోనీండి. తర్వాత మీరే సరిచేయండి."

పేర్లు దగ్గరికి వచ్చాయి. మేం కళ్ళారా చూసిన మనుషుల పేర్లు. "పొట్టి అంజినమ్మ. పాలబోయ నరసి. బసమ్మ." అత్త పేరును మా అక్క కొంచెం నిదానంగా పలికింది. ఆమెకు కాన్పు చేసింది అత్తే. ఆ పేరు తర్వాత మిగిలింది ఒక్కటే.

"హనుమక్క" అంది.

"ఉండాది" అన్నాం మేమందరం.

ఆమె చుట్టూ చూసింది. ఒక్కొక్కరి మొహం వెతికింది.

"యాడుండాది?" అంది.

ఎవరి చేతిలోని చేట వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. బోర్లించడానికి ఎవరికీ చేతులు రాలేదు. నాగవేణి పరుగెత్తి టోపీ తీసేసి, రెండు చెంపలూ పట్టుకుని "అమ్మా" అంది. మా అక్క మర్యాదగా దాని చేతులు విడిపించుకుంది.

"ఎండన పడి వచ్చినట్టుండారు మీరు. నీళ్ళు తాగుతారా?"

కన్నకూతురిని 'మీరు' అంది. ముక్కూ మొహం తెలియని వకీలమ్మతో మా ఊరి ఆడవాళ్ళు ఎట్లా మాట్లాడతారో, అట్లా.

తర్వాత సుధీంద్ర ఎన్నో చెప్పాడు. మిగతా పేర్లతో ఆ మనుషుల జ్ఞాపకాలు మాత్రమే పోయాయట. తన పేరు తలుచుకున్నప్పుడు మాత్రం మనిషి తన బతుకంతా ఒక్కసారి తలుచుకుంటుందట, అదంతా మెత్తబడిందట, పలక అంతా తీసుకుందట. నాగవేణి అతన్ని ఒక్కటే అడిగింది. "మీ మీద చేసుకున్నానన్నారే, మీరేం మర్చిపోలేదన్నారే." అతను ఇంటికి పోయి భార్యను అడిగాడు. ఆమె గోడ మీది పెళ్ళిఫోటో చూపించి, "ఇది ఎక్కడ తీశారో చెప్పండి" అందట. చెప్పలేకపోయాడు. ఆ ఫోటోను కొన్నేళ్ళుగా ఎవరిదో పెళ్ళి అన్నట్టు చూస్తుంటే, పని ఒత్తిడిలో ఉన్నాడని ఆమె అనుకుందట. తాను పలకలోకి దింపుకున్నది ఆ పెళ్ళి రోజునే. మరిచిపోయినవాడికి తాను ఏం మరిచాడో ఎట్లా తెలుస్తుంది.

కేసు కర్నూలులో నడిచింది. ముగ్గురు జడ్జీలు వంతులవారీగా టోపీ పెట్టుకున్నారు. పెద్ద జడ్జి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. నాగవేణి లేచింది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"చూశారు కదా సార్. ఈ దిబ్బ ఉత్త బూడిద కాదు. తరతరాలుగా ఒక్కో కాలంలో ఒక్క మనిషే దీన్ని మోస్తుంది. ఆమె తప్ప ఇంకెవరూ మోయలేరు, ఆచారం ఒప్పుకోదు. ఇంతకన్నా బతికున్న చోటు ఉంటుందా?"

పురుషోత్తం నిదానంగా లేచాడు.

"మాకు అభ్యంతరం లేదు సార్. దిబ్బ బతికే ఉండింది. వకీలమ్మ చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. ఒక్క మనిషే మోస్తుందని కూడా. నా సందేహం ఒక్కటే. ఈ రోజు ఆ మనిషి ఎవరు?"

మా అక్కను పిలిచారు. ఆయన ఆమెకు కుర్చీ వేయించాడు.

"అమ్మా, మీ ఊరికి పడమర ఏముంది?"

"తెలీదు సారూ. నాకు ఊరు గూడా తెలీదు. వీళ్ళు రమ్మంటే వచ్చినా." మా వైపు చూపించింది. "మంచోళ్ళు. అన్నం పెడతాండారు."

ఆయన తల వంచి, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి తల్లీ" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే పని పూర్తి చేశాడు.

నేను లేచి నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. "నాకు తెలుసు సారూ. ఆ పేర్లన్నీ నాకొచ్చు. దిబ్బను నేను మోస్తాండా" అన్నాను.

"మీ నుదుట బూడిద పెట్టారా అమ్మా?" అన్నాడు పురుషోత్తం.

"లేదు."

"పెట్టాల్సిన ఆమె ఇప్పుడు పెట్టగలరా?"

నేను మా అక్క వైపు చూశాను. ఆమె పైన తిరిగే ఫ్యానును చూస్తోంది.

పెద్ద జడ్జికి జాలి కలిగింది. "హక్కు సంగతి తర్వాత చూద్దాం. ఈమె పలకకు కూర్చుంటే, ఆ సాక్ష్యం తీసుకుంటాం" అన్నాడు.

నేను కొప్పులోని పిన్ను తీసి కొంగుకు గుచ్చుకున్నాను. "పెట్టండి టోపీ" అన్నాను. గొప్పకు చెప్పడం లేదు తల్లీ. మా అక్క దేనికోసం అంతా పోగొట్టుకుందో, అది నిలబడితే చాలనిపించింది.

నాగవేణి నా చేయి పట్టుకుంది.

"వద్దు చిన్నమ్మా."

"దిబ్బ పోతుందే."

"పోనీ."

"మీయమ్మ ఇచ్చింది దానికోసమే కదే."

"నువ్వు గూడా ఇచ్చినావనుకో. పలక నిండుతుంది, నీ తల ఖాళీ అవుతుంది. రేపు ఆయన మళ్ళా లేచి, ఈ రోజు మోసేది ఎవరని అడుగుతాడు. అప్పుడెవర్ని కూర్చోబెట్టల్ల? నన్నా? నా తర్వాత?"

ఆ యంత్రం ముందు, బతికుందని చూపించడానికి చంపడం తప్ప దారి లేదు. నాగవేణి జడ్జీల వైపు తిరిగి, "మేం ఈ సాక్షిని పెట్టడం లేదు" అంది. కూర్చుంది. తన చేతులను తానే చూసుకుంటూ కూర్చుంది.

తీర్పు చదివారు. దిబ్బ తాలూకు జ్ఞాపకం పలకలో పూర్తిగా, భద్రంగా ఉంది. దాన్ని మోసే మనిషి ఎవరూ లేరు. కాబట్టి అది చచ్చిన చోటు, చదును చేసుకోవచ్చు. కంపెనీ అక్కడ ఒక హాలు కట్టి, పలకను జనానికి చూపించాలి. నాగవేణి పలకను తల్లికి ఇవ్వమని అడిగింది. పలక జాతి సంపద, ఒక మనిషికి ఇచ్చేది కాదన్నారు. ఇచ్చినా ఏం లాభం. తలలోకి తిరిగి ఎక్కించడం సుధీంద్రకు చేతకాలేదు. చూడవచ్చు, అంతే. ఇంకొకరి బతుకును చూసినట్టు.

దిబ్బను యంత్రాలు తినేశాయి. గాలి మా ఊరి వైపే కొట్టింది. అన్నంలో బూడిద, నీళ్ళకుండలో బూడిద, పిల్లల కనురెప్పల మీద బూడిద. తరతరాలుగా మేం మోసుకుపోయి పోసినదంతా ఇంటింటికీ వెనక్కి వచ్చింది. మేం చీపుర్లు పట్టుకుని, దాన్ని ఎక్కడ పోయాలో తెలియక, వాకిళ్ళల్లో కుప్పలు పెట్టుకుని కూర్చున్నాం. మా అక్క కూడా నాతో పాటు ఊడ్చింది. "ఎవరిదమ్మా ఇంత బూడిద, ఇళ్ళ మీద పోసినారు, బుద్ధి లేకుండా" అని తిట్టింది కూడా.

అద్దాలు పరిచారు. హాలు కట్టారు. చల్లగా, ఏసీతో, లోపల మెత్తటి కుర్చీలు. బడిపిల్లలు బస్సుల్లో వచ్చి వరుసలో నిలబడి టోపీ పెట్టుకునేవాళ్ళు. ఒక పొద్దు నాగవేణి వచ్చి, "అమ్మను తీసుకుపోదాం చిన్నమ్మా" అంది. నేను వద్దన్నాను. వినలేదు. ఎక్కడో ఒక మూల, చూస్తే తిరిగి తగులుకుంటుందేమోనని ఆశ.

వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. మా అక్క కుర్చీలో కూర్చుంది. టోపీ పెట్టిన అమ్మాయి, "భయం లేదవ్వా, సినిమా లాగే ఉంటుంది" అంది. మా అక్క కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. నేను, నాగవేణి చెరోపక్క నిలబడి ఆ మొహాన్నే చూస్తున్నాం. నవ్వింది. ఒకసారి ఉలిక్కిపడింది. ఒకసారి చేతులు దేన్నో ఎత్తుకున్నట్టు గుండెకు దగ్గరగా ముడుచుకున్నాయి.

టోపీ తీశాక, కళ్ళు తుడుచుకుని నాగవేణి వైపు తిరిగింది.

"ఎవరోగానీ మంచి మనిషమ్మా ఆయమ్మ. ఒక బిడ్డ ఉండాది ఆమెకు. పిల్ల పాదాలు కాలతాయని చంకన ఎత్తుకునే ఎక్కింది ఆ బూడిదంతా. తన కాళ్ళు బొబ్బలెక్కినా దించలేదు. ఆ బిడ్డంటే ఎంత ప్రాణమో, నా గుండెల్లో కొట్టుకున్నట్టే ఉంది."

నాగవేణి ఆమె జారిన కొంగు సర్దింది.

"మీరు ఇట్లాంటివి తెలిసినోళ్ళు కదా, చదువుకున్నోళ్ళు. ఆ పిల్ల ఇప్పుడు యాడుందో తెలుసా?"

"తెలుసు" అంది నాగవేణి.

"బాగుందా?"

"బాగుంది."

"ఆ తల్లిని బాగా చూసుకుంటాందా?"

టోపీ పెట్టే అమ్మాయి, "జరగండమ్మా, వెనకాల పిల్లలున్నారు" అంది. మా అక్క లేచి, తర్వాత కూర్చునే పిల్లకు కుర్చీ చూపించి, "బాగుంటుంది, కూర్చో" అంది.

అప్పటినుంచి ఏ ప్రాజెక్టు వచ్చినా ముందు ఆ టోపీయే వస్తోంది. ముసలివాళ్ళకు బస్సు పెట్టి, భోజనం పెట్టి, పలక నింపుకుని, ఇంటి దగ్గర దింపిపోతున్నారు. నాగవేణి వాళ్ళకన్నా ముందు ఊరూరికీ పోతోంది. పాత చోట్లను కాపాడే వకీలు పని ఇప్పుడు అదే. గడప గడపకూ ఎక్కి, "అవ్వా, మీకు తెలిసింది ఎవరికీ చెప్పొద్దు, ఏమీ తలుచుకోవద్దు" అని బతిమాలడం. కొందరు వింటారు. కొందరు బస్సు ఎక్కుతారు.

మా అక్క పోయి చాలా కాలమైంది. పోయేదాకా నేను మళ్ళీ నేర్పిన రొట్టే తట్టింది. చివరి రోజుల్లో నాగవేణి పక్కన కూర్చుంటే, "పాపం, ఈ వకీలమ్మకు ఎవరూ లేరనుకుంటా, ఎప్పుడూ మన ఇంట్లోనే ఉంటాది" అని నా చెవిలో చెప్పేది.

నోటితో చెబితే ఏదీ తరిగిపోదు తల్లీ. నేను ఇదంతా నీకు చెప్పాను కదా, చూడు, నా దగ్గర అంతా అట్లాగే ఉంది. అందుకే దీన్ని నీ దగ్గర పెడుతున్నాను. ఇంకొకరికి చెప్పు. వాళ్ళను ఇంకొకరికి చెప్పమను. టోపీ పట్టుకుని ఎవరైనా వస్తే మాత్రం, నాకేం గుర్తులేదని చెప్పు. చెప్పేటప్పుడు మధ్యలో ఆపకు, ఆకలేసినా, ఏడుపొచ్చినా. మా అక్క అంతా అయిపోయేదాకా ఆపలేదు. ఇప్పుడు దిబ్బ లేదు, నా నుదుట బూడిద లేదు, పలికే హక్కు నాకు ఇప్పటికీ లేదు. అందుకని అన్ని పేర్లూ పలకను, చివరి ఒక్కటే చెబుతాను. విన్నాక నువ్వేమనాలో నీకు తెలుసు. గట్టిగా అను, ఆ పడమటి అద్దాల దాకా వినబడాలి.

హనుమక్క.